విండో పెరిగినా బటన్లు కదలవేం?

ప్రశ్న: పైథాన్ టీకింటర్‌లో బిల్లింగ్ ఫారం చేశాను. విండో పెద్దది చేస్తే బటన్లు ఓ మూలనే ఉండిపోతున్నాయి, తెలుగు లేబుళ్లు సగానికి తెగుతున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు: మీరు 'ప్లేస్' వాడి పిక్సెళ్లు లెక్కగట్టినట్టున్నారు. మేకులేసి బిగించినవి కదలవు మరి! 'గ్రిడ్'కు మారండి. ఏ లేబుల్‌కు ఎంత చోటు కావాలో అదే కనుక్కుని గడులు సర్దుతుంది. 'సేవ్' పోయి 'భద్రపరచు' వచ్చినా తెగదు. లేబుల్‌కు విడ్త్ మీరే బిగించి ఉంటే మాత్రం తీసేయండి.

చాలామంది ఇక్కడితో ఆగి, ఇంకా సాగట్లేదని విసుక్కుంటారు. కాలమ్ వెయిట్ మామూలుగా 0. కాలమ్‌కన్ఫిగర్‌లో 1 ఇస్తేనే మిగిలిన చోటు దానికి దక్కుతుంది. అప్పుడు కూడా పెరిగేది గడే. లోపలి బటన్ సాగాలంటే స్టిక్కీకి దిక్కులు చెప్పాలి. ఎత్తుకు రోకన్‌ఫిగర్ ఉంది.

ఒకే ఫ్రేములో ప్యాక్, గ్రిడ్ కలపకండి. టీకింటర్ వెనకుండే టీకే పాత వెర్షన్లలో రెండూ పోట్లాడుకుని ప్రోగ్రామ్ బిగుసుకుపోయేది, 8.6 నుంచి నేరుగా ఎర్రర్ ఇస్తోంది.