చట్టం మారింది, మనసు మారిందా?



ఈ పాఠం సమ్యక్ దృష్టి గురించి. మనసులో పాతుకుపోయిన ఎక్కువ తక్కువలు పోతాయా? పోతే ఎట్లా పోతాయి? అమెరికాలోని నల్లజాతి ప్రజల అనుభవాన్ని, మన అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. బాబాసాహెబ్ కూడా ఇట్లాగే చూశారు. 1946లో నల్లజాతి మేధావి డు బోయిస్‌కు లేఖ రాస్తూ, వాళ్ల స్థితికీ అంటరానివారి స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు.

అమెరికాలో ఏం మారింది?

మార్పు ఊరికే రాలేదు. 1955 డిసెంబరు నుంచి 381 రోజులు మాంట్‌గోమరీలోని నల్లజాతి కూలీలు, పనిమనుషులు బస్సు ఎక్కకుండా పనికి నడిచిపోయారు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాయి. తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లి చేసుకోవద్దనే చట్టాలు 1967 నాటికి కూడా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. 1967లో లవింగ్ దంపతుల కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది.

మనసుల సంగతి చూడండి. 1958లో గ్యాలప్ సంస్థ అడిగినప్పుడు ఇటువంటి పెళ్లిని ఒప్పుకున్నవాళ్లు 4 శాతం. 2021లో 94 శాతం. ఒక మనిషి జీవితకాలంలోనే ఇంత మార్పు! కాబట్టి "ఇది పుట్టుబుద్ధి, పోదు" అనే మాట నిజం కాదు.

కానీ నోటి మాట వేరు, చేత వేరు. అలబామా రాజ్యాంగంలో మిగిలిపోయిన పెళ్లి నిషేధాన్ని తీసేయాలా అని 2000లో ఓటు పెడితే, నూటికి దాదాపు 40 మంది వద్దన్నారు. 2004లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులను కంపెనీలకు పంపారు. తెల్లవాళ్ల పేర్లున్నవాటికి 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. మన దేశంలో థోరట్, అటెవెల్ ఇట్లాంటి పరీక్షే చేసి 2007లో ప్రచురించారు. ఇక్కడ కూడా దళిత పేర్లకు పిలుపులు తగ్గాయి.

మన దగ్గర ఏం మారింది?

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1985 కారంచేడు తర్వాత 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అది వచ్చిన రెండేళ్లకే, 1991లో చుండూరు జరిగింది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కంపెనీల్లో మిషన్ ముందు నిలబడ్డవాణ్ణి కులం అడగరు. క్యాంటీన్‌లో అందరిదీ ఒకటే బల్ల. ఊళ్లో ఉన్న తాతలకు ఇది దొరకలేదు. ఇది చిన్న మార్పు కాదు. కానీ షిఫ్ట్ దిగి రూము కిరాయికి పోతే, "మీరు ఏమోళ్లు?" అనే ప్రశ్న ఇంకా ఎదురొస్తుంది. పెళ్లి దగ్గరైతే గోడే. 2011-12 జాతీయ సర్వేలో కులాంతర వివాహాలు 5 శాతం దగ్గరే ఉన్నాయి. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని గర్భవతి అయిన భార్య ముందే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవితఖైదు వేసింది. చట్టం శిక్షించగలిగింది. చంపాలన్న ఆలోచనను మాత్రం ముందే ఆపలేకపోయింది. ఆ పని ధమ్మానిది.

ధమ్మం చూపే దారి

పుట్టుకతో ఎవరూ నీచుడు కాడు, చేసే పనితోనే అవుతాడని వసల సుత్తంలో బుద్ధుడు బోధించాడు. వీధులు ఊడ్చే సునీతుణ్ణి సంఘంలో చేర్చుకుని అందరి మధ్య కూర్చోబెట్టాడు. ఎందుకంటే ద్వేషం మనసుకు పట్టిన అలవాటు. రోజూ చేసి నేర్చుకున్నదాన్ని రోజూ చేసే మంచి పనితోనే మార్చాలి. కలిసి తినడం, కలిసి ఉండడం, కలిసి వియ్యమందడం అందుకే ముఖ్యం.

మన గడప లోపల

ఇక మనల్ని మనం అడుగుదాం. మనుషులందరూ సమానమని 22 ప్రతిజ్ఞల్లో ఒప్పుకున్నాం. మరి సంబంధం చూసేటప్పుడు మాలనా, మాదిగనా అని ఎందుకు అడుగుతున్నాం? వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు, అది రిజర్వేషన్ వాటాల విషయం. పిల్లకూ పిల్లవాడికీ మధ్య గోడ కట్టడానికి అది సాకు కాదు. పక్క రూములో ఉండే బీహార్, ఒడిశా కార్మికులను "వాళ్లింతే" అని మనం చిన్నచూపు చూస్తే, మనకు కిరాయి ఇవ్వని ఓనరుకూ మనకూ తేడా ఏమిటి? బయట సమానత్వం అడిగే హక్కు మనకుంది. ఇంట్లో దాన్ని పాటించే బాధ్యత కూడా మనదే.

ఈ నెల ఆచరణ

1. వేరే ఉపకులం కుటుంబాన్ని ఒక పూట భోజనానికి పిలవండి, వాళ్లింట్లో కూడా తినండి.
2. ఒక వలస కార్మికుణ్ణి పేరుతో పలకరించి, అతని ఊరు, ఇంటి సంగతులు తెలుసుకోండి.
3. పెళ్లి మాటల్లో ఉపకులం అడగబోమని ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి.

వందన తర్వాత చర్చించండి

కులం గురించి మన ఇంట్లో తాత కాలానికీ, ఇప్పటికీ ఏం మారింది? ఏది మారలేదు? మారనిదాన్ని మార్చే మొదటి మనిషి ఎవరు?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!