అద్దం అబద్ధం చెప్పదు, మనసు చెబుతుంది

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని మనమందరం పరీక్షల్లో వ్యాసాలు రాసినవాళ్లమే. కానీ కంచం ముందు కూర్చుని తినలేకపోవడం కూడా ఒక జబ్బేనని మనలో చాలామందికి తెలియదు.

మేము నరసరావుపేట హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటర్ చదివే ఒక తమ్ముణ్ణి 'డ్రమ్ము' అని పిలిచేవాళ్లం. సరదాకే అనుకున్నాం. కొన్నాళ్లకు అతను రాత్రి అన్నం మానేశాడు. కోడికూర వండిన రోజు కూడా తన వాటా పక్కవాడికి ఇచ్చేసేవాడు. మనిషి పుల్లలా అయినా "ఇంకా లావుగానే ఉన్నా అన్నా" అనేవాడు. శివరాత్రికి కోటప్పకొండ ఎక్కేవాళ్లు ఉపవాసముండి మర్నాడు కడుపునిండా తింటారు. ఇతనికి ఆ మర్నాడు రాలేదు.

ఏమిటీ జబ్బు?

లావవుతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోవడాన్ని 'అనొరెక్సియా నెర్వోసా' అంటారు. లండన్ వైద్యుడు విలియం గల్ 1873లో ఈ పేరు వాడారు. అతిగా తిని, భయపడి వాంతి చేసుకునే 'బులీమియా'ను 1979లో జెరాల్డ్ రసెల్ వివరించారు. ఆడపిల్లల్లో ఎక్కువైనా మగపిల్లలకూ ఇవి వస్తాయి. ఇది గాలి సోకడమూ కాదు, పొగరూ కాదు.

ఆకలి మనసును ఏం చేస్తుంది?

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు దాదాపు సగం తిండే పెట్టారు. వారికి ఎప్పుడూ తిండి ధ్యాసే. చిరాకు, దిగులు పెరిగాయి. మళ్లీ తిండి పెట్టాక కూడా కుదుటపడడానికి నెలలు పట్టింది. అందుకే చికిత్సలో వేళకు భోజనం ముందు, దానితోపాటే కౌన్సెలింగ్.

మనం చేయవలసినవి

1. ఒంటిని బట్టి పేర్లు పెట్టకూడదు. "బాగా సన్నబడ్డావే" అని మెచ్చుకోవడమూ వద్దు.
2. తిట్టి తినిపించకుండా, పక్కన కూర్చుని తినాలి.
3. కళ్లు తిరిగినా, బాగా చిక్కిపోయినా వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చాలా రోజులు తిననివారికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టడం ప్రమాదం. డాక్టరు చెప్పినట్టే పెంచాలి.
4. 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా తమ్ముడు కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. బరువు పెరిగిన ప్రతిసారీ భయపడ్డాడు, మధ్యలో రెండుసార్లు మళ్లీ తిండి మానేశాడు. మేము అతన్ని సొంత పేరుతో పిలవడం నేర్చుకున్నాం, వాలీబాల్ ఆటలోకి పిలిచాం. ఒకరోజు "లావయ్యానా?" అని అడగలేదు, "మ్యాచ్ ఎప్పుడన్నా?" అన్నాడు.

మిత్రులారా! ఆ పేరు పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. ఈ రాత్రి మెస్‌లో ఎవరి కంచం ఖాళీగా ఉందో ఒకసారి చూడండి.