వెన్నుపాము నేర్చిన విద్య

వైద్యుడు రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద మెల్లగా తడితే కాలు విసురుగా ముందుకు లేస్తుంది. లేపాలని మనం అనుకోలేదు. సాగిన కండరంనుండి వార్త జ్ఞాననాడి వెంట వెన్నుపామును చేరుతుంది; మెదడు అనుమతికోసం ఆగకుండ అక్కడినుండే చాలకనాడి వెంట తిరుగు ఆజ్ఞ వస్తుంది. ఇది అసంకల్పిత ప్రతీకార చర్య. 1875లో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ వైద్యులు దీనిని వేరువేరుగా వర్ణించారు.

పరుగుపందెంలో తుపాకి చప్పుడుకు బయలుదేరడం ఇటువంటిది కాదు. చెవి వినాలి, మెదడు గుర్తించాలి, ఆ తరువాతనే కాలు కదలాలి. అందుకే 0.1 సెకనులోపు కదిలినవాడు చప్పుడుకంటె ముందే బయలుదేరినట్లు అంతర్జాతీయ నియమాలు లెక్కిస్తాయి. పత్రికల ఆటల పేజీలు రెండింటినీ ‘రిఫ్లెక్సు’ అనే ఒకే మాటతో కలిపివేస్తుంటాయి.

మరి ఏళ్ల తరబడి చేసే సాధన అసలైన ప్రతీకార చర్యను మార్చగలదా? డెన్మార్క్ శాస్త్రజ్ఞులు రాయల్ డానిష్ బ్యాలే నర్తకులను, క్రీడాకారులను, వ్యాయామం అలవాటు లేనివారిని పరీక్షించి 1993లో ఫలితాలు ప్రకటించారు. మోకాలి వెనుక నాడికి కొద్దిపాటి విద్యుత్తు తాకించి, పిక్క కండరం ఎంత బలంగా స్పందిస్తుందో కొలిచారు. వ్యాయామం లేనివారికంటె క్రీడాకారులలో స్పందన పెద్దదిగా ఉంది. నర్తకులలో ఇంకా పెద్దదై ఉండాలని ఎవరైనా ఊహిస్తారు; వారి సాధన తక్కువది కాదు గదా! కాని అది క్రీడాకారులకంటె చిన్నదని తేలింది.

ఆ పాశ్చాత్య నాట్యంలో కాలివేళ్లపై నిలిచినప్పుడు చీలమండకు ముందూ వెనుకా ఉన్న కండరాలు ఒకేసారి బిగుస్తాయి. అప్పుడు ప్రతి చిన్న సాగుకూ పిక్క ఎదురు లాగితే నిలకడ చెడుతుంది. అందుచేత ఆ వార్తను వెన్నుపాములోనే అణచే ఏర్పాటు బలపడుతుందని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

అయితే పుట్టుకతోనే స్పందన తక్కువగా ఉన్నవారే నాట్యంలో రాణించారేమో? ఈ సందేహం న్యాయమైనదే. ఆ ఒక్క పరీక్ష దీనిని తీర్చదు. కాని 1980లలో అమెరికాలో జొనాథన్ వోల్‌పా కోతులకు వారాల తరబడి శిక్షణ ఇచ్చి, ఇటువంటి స్పందనను కొన్నింటిలో పెంచాడు, కొన్నింటిలో తగ్గించాడు.

కళ్లకు సంబంధించిన ప్రతీకార చర్య కూడ ఇట్లే మారుతుంది. గిరగిర తిరిగి ఆగినవారి కళ్లు కొంతసేపు అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. లోకమంతా తిరుగుతున్నట్లు తోస్తుంది. 2013లో లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు 29 మంది బ్యాలే నర్తకీమణులను, పడవ పోటీలలో పాల్గొనే 20 మంది మహిళలతో పోల్చారు. కళ్ల కదలికా, తిరుగుతున్న భ్రాంతీ నర్తకీమణులలో త్వరగా ఆగాయి. లోపలి చెవినుండి వచ్చే ఈ వార్తలను అందుకొనే అనుమస్తిష్క భాగం వారిలో చిన్నదిగా కనిపించింది.