చూపు తగ్గిన వృద్ధులకు తగిన చేతికర్ర

మన గ్రామములలో చేతికర్ర లేని వృద్ధులు అరుదు. కాని ఆ కర్ర ఎంత పొడవుండవలెనో, పిడి ఎట్లుండవలెనో, కొన ఎట్లుండవలెనో ఆలోచించువారు ఇంకను అరుదు. చేతికందిన వెదురో, తాత వాడి విడిచిన కర్రయో అవ్వకు చాలునని తలచుచున్నాము. కాళ్ల పట్టుతోపాటు కంటిచూపు కూడ తగ్గినవారికి ఇది చాలదు. వీధిలో ఒక గుంత, వాకిట ఒక తడిబండ చాలును, తుంటి ఎముక విరుగుటకు. ఆ వయస్సున తుంటి విరిగినచో పలువురు మరల పూర్వమువలె నడువలేరు. కావున ఇది పంచాయతీ సభ్యులు శ్రద్ధ వహింపదగిన విషయము.

కర్రకు రెండు పనులు

చూపు తగ్గిన వృద్ధునికి కర్ర రెండు పనులు చేయవలెను. మొదటిది బరువు మోయుట. రెండవది ముందున్న నేలను గూర్చి చేతికి తెలుపుట. బరువు మోయు కర్ర పొట్టిగా, గట్టిగా ఉండి, పాదము ప్రక్కనే ఆనవలెను. నేలను తడవు కర్ర రొమ్ముదాక పొడవుండి, తేలికగా ఉండి, అడుగుకంటె ముందు పోవలెను.

1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున చూపు కోల్పోయిన జేమ్స్ బిగ్స్ అను ఫొటోగ్రాఫరు, బండ్లు నడపువారికి కనబడుటకై తన కర్రకు తెల్లరంగు వేసికొనెను. 1944లో అమెరికాలో రిచర్డ్ హూవర్, యుద్ధమున చూపు పోయిన సైనికులకు పొడవైన తేలిక కర్రతో నేలను తడవుచు నడచుట నేర్పెను. 2014లో ఢిల్లీ ఐ.ఐ.టి. వారి ‘స్మార్ట్‌కేన్’ వెలువడెను. తెల్లకర్రకు తగిలించు ఆ పరికరము మూడు మీటర్ల లోపున, మోకాలికి పైనుండు అడ్డంకులను సయితము పసిగట్టి, అదురుచు చేతికి తెలుపును. ఈ చివరి రెండును దారి తెలుపునవే. వీనిపై శరీరభారము మోపరాదు.

ఊరి వడ్రంగి చేయదగిన కర్ర

ఆనికకు తగిన కర్రను మన వడ్రంగియే చేయగలడు.

కొలత: వృద్ధుడు నిత్యము వాడు చెప్పులు తొడిగికొని, చేతులు వ్రేలాడవిడిచి నిలువవలెను. నేలనుండి మణికట్టు ముడుతవరకు గల ఎత్తే పిడితో కూడ కర్ర పొడవు. పట్టుకొన్నప్పుడు మోచేయి కొంచెము వంగవలెను. కర్ర పొడవైనచో భుజము పైకి లేచును. పొట్టిదైనచో నడుము వంగును.

కర్ర, పిడి: గుల్ల లేని గట్టి వెదురు మేలు. దానిపై అడ్డుపిడిని బిగించి, అంచులు నునుపు చేయవలెను. పిడి మందము మూడు, నాలుగు సెంటీమీటర్లుండిన చేతికి పట్టు దొరకును.

కొన: వెడల్పైన రబ్బరు తొడుగు తప్పనిసరి. దాని అడుగు గాట్లు అరిగినంతనే మార్చవలెను. అరిగిన రబ్బరు తడినేలపై జారును.

రంగు: కర్రకంతకు తెలుపు, అడుగున జానెడు మేర ఎరుపు వేయవలెను. లారీల వెనుక అంటించు మెరుపు పట్టీ చుట్టినచో రాత్రి బండ్లవారికి కనబడును. మసకచూపుగల వృద్ధునికి కూడ మూలనున్న తెల్లకర్ర సులభముగ అగపడును.

ఇచ్చుటకు ముందు బలముగల యువకుడొకడు దానిపై తన బరువంతయు మోపి పరీక్షింపవలెను.

వాడు విధము

ఒక కాలు బలహీనమైనచో కర్రను రెండవ ప్రక్క చేతిలో పట్టవలెను. మెట్లెక్కునప్పుడు మంచి కాలు ముందు. దిగునప్పుడు కర్రయు, బలహీనమైన కాలును ముందు. చూపు మిక్కిలి తగ్గినవారు ఒక చేత ఆనిక కర్రను, రెండవ చేత తడవు కర్రను పట్టవచ్చును. అది సాధ్యము కానివారికి తోడుమనిషి ఉండవలెను.

పంచాయతీ చేయవలసినవి

మొదట కంటిపరీక్ష జరుపవలెను. 2015-19 జాతీయ సర్వేలో, ఏబది యేండ్లు పైబడినవారి అంధత్వమునకు మూడింట రెండు వంతులు శుక్లములే కారణమని తేలినది. శుక్లమును శస్త్రచికిత్సచే తొలగింపవచ్చును. చూపు మరల రాగలవానికి కర్ర ఇచ్చి ఊరకుండుట న్యాయము కాదు.

రెండవది, రాష్ట్రీయ వయోశ్రీ యోజన. ఈ పథకము 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ప్రారంభమైనది. అరువది నిండిన పేద వృద్ధులకు చేతికర్రలు, కళ్లద్దములు మొదలగునవి ఉచితముగ ఇచ్చుట దీని ఉద్దేశము. అర్హుల పేర్లను సభ్యులే వ్రాసి, జిల్లా వయోవృద్ధుల సంక్షేమ కార్యాలయమునకు చేర్చవలెను. అచటినుండి వచ్చిన కర్రనైనను కొలత చూచియే చేతికీయవలెను.

మూడవది, బాట. మురుగు కాలువలపై బండలు కప్పించుట, రచ్చబండ మెట్ల అంచులకు తెల్లరంగు వేయించుట, దారిలో పాతిన పశువుల గుంజలు తీయించుట పంచాయతీ పనులే. బాట చెడినచో మంచి కర్రయు కాపాడజాలదు.

రాబోవు గ్రామసభలో ఈ మూడింటిని చర్చకు పెట్టుడని సభ్యులను కోరుచున్నాము. వార్డుకొక సభ్యుడు టేపు చేతబట్టి వృద్ధుల ఇండ్లకు పోయి కొలతలు తీసినచో, ఇంటికే పరిమితమైన పెద్దలు మరల రచ్చబండవరకు నడచిరాగలరు.