కూరగాయల వృథా – బోయిన్‌పల్లి మార్కెట్టు లెక్క

ఆహారం పాడవటం రెండు రకాలు. పొలంలో కోసినప్పటి నుంచి దుకాణం చేరేలోగా పోయేది నష్టం. దుకాణాల్లో, హోటళ్ళలో, ఇళ్ళలో పారవేసేది వృథా. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం వారి అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో నూటికి అరవై పాళ్ళు ఇళ్ళలోనే! ఇక నష్టం సంగతి. 2015లో వెలువడిన మన వ్యవసాయ పరిశోధనా మండలి సర్వేలో టమాటా నష్టం 12 శాతం పైచిలుకని తేలింది.

ఈ 12 శాతం ఎట్లా పోతుంది? కోసిన టమాటా ప్రాణం లేని వస్తువు కాదు. అది శ్వాసిస్తూనే ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ శ్వాసక్రియ రెండు మూడు రెట్లవుతుంది. పండేటప్పుడు ఇథిలీన్ వాయువు వదులుతుంది. దెబ్బ తగిలితే మరింత వదులుతుంది. అందుచేత పగిలిన కాయ ఒక్కటున్నా పక్కవాటిని తొందరగా మగ్గిస్తుంది. గంపల్లో కుక్కి, లారీలో ఒకదానిపై ఒకటి పేర్చి, ఎండలో నిలిపితే అడుగు కాయల గతి ఏమవుతుందో మా ఊళ్ళో చదువురాని వాళ్ళకీ తెలుసు. పోనీ బాగా చల్లబరుద్దామంటే, పచ్చి కాయ సుమారు 12 డిగ్రీలకు తక్కువలో ఎక్కువ రోజులుంటే సరిగా పండదు. ఐసు గది కన్నా ముందు కావలసినవి నీడ, ప్లాస్టిక్ క్రేట్లు, రాత్రి ప్రయాణం.

ధర పడిపోయిన రోజు సంగతి వేరు. కోతకూలి, బండి కిరాయి కూడా రాక రైతు కాయల్ని మార్కెట్టు బయటే పారబోసి వస్తాడు. మా నాయనా అట్లా వచ్చినవాడే. దాన్ని శ్వాసక్రియ ఖాతాలో వేయలేము.

సికింద్రాబాదు దగ్గరి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో మార్కెట్టు కమిటీ వారు, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వారు కలిసి గ్యాసు ప్లాంటు పెట్టారు. గాలి చొరని ట్యాంకులో సూక్ష్మజీవులు కూరగాయల చెత్తను మీథేన్‌గా మారుస్తాయి. చెత్తకుప్పలో పడితే అదే మీథేన్ గాలిలో కలిసేది. స్థానిక సంస్థ, జాతీయ ప్రయోగశాల చేతులు కలిపితే ఏమవుతుందో చెప్పటానికి ఇది మంచి ఉదాహరణే. 2021 నాటి లెక్క ప్రకారం రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు.

కానీ లెక్క ఇంకొక వైపు నుంచీ వేద్దాం. 5 హార్స్‌పవర్ మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు తాగుతుంది. అంటే 500 యూనిట్లు 125 గంటలకే చాలతాయి. ఎకరం టమాటాకు పంట కాలంలో మా బావి మోటారు అంతకంటే ఎక్కువే తిరుగుతుంది! చెత్తలో ఆకులూ తొడిమలూ ఉంటాయి నిజమే. అయినా తినదగినది మొదట మనిషికి, తర్వాత పశువుకు, మిగిలిందే గ్యాసుకు పోవాలి.

మనిషికి చేర్చే దారి చట్టంలోనూ ఉంది. మిగులు ఆహారాన్ని సేకరించి పంచటానికి కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు తెచ్చింది. పెళ్ళిళ్ళలో విస్తట్లో మిగిలింది కాదు, గిన్నెలో మిగిలింది పంచవచ్చు. అదీ చల్లారి పులవక ముందే. దీనికి ఊళ్ళో బండి, మనుషులు కావాలి. అది ఢిల్లీ వాళ్ళు వచ్చి చేసే పని కాదు.

మన హాస్టలు మెస్సులో రాత్రి మిగిలే అన్నం ఎంతో ఎవరూ తూచినట్టు లేదు. స్టోరులో కాటా ఉంది. వచ్చే యూనియన్ వారు వారం రోజులు తూచి, ఆ అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టాలని నా మనవి.