ఊరి కక్షలు – ఆడపిల్ల పెళ్లి

పల్నాడు అనగానే ఎవరికైనా మొదట జ్ఞాపకం వచ్చేది యుద్ధమే. కోడిపందెం, మాచర్ల, గురజాల, కారెంపూడి రణరంగం, నాగులేరు – ఈ పేర్లు వినని తెలుగువారుండరు. 12వ శతాబ్దంలో దాయాదుల మధ్య జరిగిన ఆ పోరును తలచుకుంటూ నేటికీ కార్తీకమాసంలో కారెంపూడిలో వీరుల ఉత్సవాలు జరుపుతున్నాం. అయితే ఆ కథలో స్త్రీలకు మనం ఇచ్చిన చోటు ఏమిటో ఎప్పుడైనా ఆలోచించామా? గురజాలలో మంత్రాంగం నడిపిన నాగమ్మను యుద్ధానికి కారకురాలన్నాం. కాపురం ఎరుగని మాంచాల భర్త బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపితే వీరపత్ని అని చేతులెత్తి మొక్కాం. తగవు తెచ్చిందీ ఆడదే, తగవుకు బలి ఇవ్వవలసిందీ ఆడదే!

యుద్ధాలు పోయాయి, కక్షలు మిగిలాయి. ఈ కక్షలకూ బాల్యవివాహానికీ ఉన్న సంబంధాన్ని, రైతు కుటుంబంలో పుట్టిన విద్యార్థినిగా నాకు తెలిసినంతలో ఇక్కడ పరిశీలిస్తాను.

కక్ష వచ్చిన ఊళ్లో

2019 సెప్టెంబరులో ఊళ్లు విడిచిన పల్నాటి కుటుంబాలు గుంటూరు శిబిరంలో తలదాచుకున్నాయి. 2024 మే 13 పోలింగు తర్వాత చెలరేగిన గొడవలతో జిల్లాలో 144వ సెక్షను పెట్టవలసి వచ్చింది. పత్రికల్లో ఎవరి తల పగిలింది, ఎవరి మీద కేసు పడింది అన్నదే వస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఏం జరుగుతుందో రాదు.

మగవాళ్లు కొన్నాళ్లు ఊళ్లో ఉండరు. పొలం పని, కోర్టు ఖర్చులకు అప్పు తేవడం, గొడ్లకు మేత అన్నీ తల్లి మీద పడతాయి. తల్లి మిరపకాయ కోతకు పోతే ఇంటి దగ్గర చంటిపిల్లల్ని చూసుకోవాల్సింది పెద్దకూతురు. అలా బడి మానిపిస్తారు. హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే దారిలో అవతలి వర్గంవాళ్ల వీధి దాటాలి. పిల్లను ఎవరైనా ఒక మాట అంటే ఆ మాటతో కొత్త కక్ష పుడుతుందని భయం. అందుకని పిల్లను ఇంట్లో పెట్టుకోవడం, తర్వాత అదీ ధైర్యం చాలక ఎవరి చేతిలోనో పెట్టడం జరుగుతుంది. మా నాయనమ్మ అంటుంది: "కాలం బాగాలేదమ్మా, ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే గుండెల మీద కుంపటే."

ఆమెది దుర్మార్గం కాదు, భయం. ఈ సంగతి గ్రహించకుండా పెద్దల్ని తిడితే ప్రయోజనం లేదు. అయితే ఆ భయానికి మూలమేమిటి? కుటుంబ పరువంతా ఆడపిల్ల ఒంట్లోనే ఉందన్న నమ్మకం. మగపిల్లవాడికి దెబ్బ తగిలితే గాయం, ఆడపిల్లకు మాట తగిలినా పరువు నష్టం. ఈ నమ్మకమే మారితే భయం సగం తగ్గుతుంది.

ఇది మన ఒక్క ప్రాంతపు లక్షణం అనుకోనక్కరలేదు. సిరియాలో యుద్ధం మొదలయ్యాక జోర్డానుకు వలసపోయిన కుటుంబాల సంగతి చూడండి. అక్కడ నమోదైన సిరియన్ల పెళ్లిళ్లలో 18 ఏళ్లు నిండని ఆడపిల్లల పెళ్లిళ్లు 2011లో 12 శాతం కాగా 2013 నాటికి 25 శాతమయ్యాయి. భాష వేరు, మతం వేరు, తండ్రి భయం ఒక్కటే.

లెక్కలూ, శాస్త్రమూ

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతానికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద ఇది 23.3 శాతం. అంటే మనం దేశం కన్నా వెనక ఉన్నాం. అదే సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది.

ఈ రెండు అంకెల్నీ కలిపి చదవాలి. పదిహేను, పదహారేళ్ల పిల్ల శరీరం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఎత్తు పెరగడం ఆగాక కూడా కటి ఎముకలు కొంతకాలం విస్తరిస్తాయి. ఆ వయసులో గర్భం వస్తే ఉన్న కొద్ది ఇనుము, కాల్షియం, మాంసకృత్తులను తల్లీ బిడ్డా పంచుకోవాలి. ఫలితం కష్టమైన కాన్పు, బరువు తక్కువ బిడ్డ. పూత దశలోని మొక్కకు కాయ బరువు ఎత్తకూడదని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు గదా!

మరొకటి మేనరికం. బయటివాళ్లను నమ్మలేని రోజుల్లో "మనవాడే, మన పిల్లను చూసుకుంటాడు" అని మేనమామకో, మేనబావకో ఇస్తారు. ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి బిడ్డకు చేరే అవకాశం మేనబావ సంబంధంలో 16లో 1, మేనమామ సంబంధంలో 8లో 1. దాగి ఉన్న లోపాలు బయటపడటానికి ఇది దారి.

చట్టం చెప్పేది

1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు 14 అన్నది. 1949లో 15, 1978లో 18 అయింది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అలాంటి పెళ్లి చేసినవారికి రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చాలామందికి తెలియని మాట ఇంకొకటుంది. బాల్యంలో పెళ్లయిన పిల్ల ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. అయితే మేజరయిన రెండేళ్లలోగా, అంటే 20 నిండేలోగా అడగాలి.

ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పదో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి లెక్కల్లో నాకన్నా ముందుండేది. ఊళ్లో గొడవయింది, వాళ్ల నాన్న ఊరు విడిచాడు, సంక్రాంతి సెలవుల్లో దానికి పెళ్లి చేశారు. మా అమ్మ పట్టుబట్టి నన్ను హాస్టల్లో వేయకపోతే నా సంగతీ అంతే. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. నేను ఆ సెక్షను చదివిన నెలలోనే దానికి ఇరవై నిండాయి. అది కోర్టుకు వెళ్లేదని నేననను. "నీకు ఈ హక్కుంది" అని ఐదేళ్లలో ఒక్కరూ దానికి చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు.

మన కర్తవ్యం

గొడవలైన ఊరికి పోలీసు పికెట్ వస్తుంది. దానితోపాటు ఆడపిల్లల బడికి బస్సో, హాస్టల్లో సీటో కూడా రావాలి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల వంటి చోట చేరిన పిల్లకు రోజూ ఆ వీధి దాటే పని ఉండదు. రాజీ కూర్చునే పెద్దలు కేసుల గురించి, పొలం గట్ల గురించి మాట్లాడినట్టే, బడి మానిన పిల్లల గురించి కూడా మాట్లాడాలి.

సోదర సోదరీమణులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఏ ఇంట్లోనైనా చిన్నపిల్ల పెళ్లి మాట వినబడితే 1098కి ఫోను చేయడం మన చేతిలోని పని. అంతకన్నా ముందు మన ఇంట్లోనే పెద్దలతో కూర్చుని మాట్లాడుదాం. మా నాయనమ్మతో నేను మొదలుపెట్టాను. ఇంకా ఒప్పుకోలేదు గాని, మా చెల్లెలి పెళ్లి మాట ఈ ఏడు ఎత్తలేదు.