గుద్ది వెళ్లిపోయిన బండి: పరిహారం ఎలా అడగాలి?

మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలించేవారిలో నేనూ ఒకణ్ని. 2024 ఆగస్టులో ఒక పీయూసీ విద్యార్థి ఫారం నా చేతికొచ్చింది. తండ్రి వృత్తి అన్న చోట "లేరు, రోడ్డు ప్రమాదం" అని రాసి ఉంది. ఆదాయం గడిలో తల్లి ఇళ్లల్లో పనిచేసి తెచ్చే జీతం ఒక్కటే. పరిహారం ఏమైనా వచ్చిందా అమ్మా అని ఆమెను అడిగాను.

"బండి నంబరే తెలీదు సార్. ఎవుర్ని అడిగేది?" అంది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో వేలమంది తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోతున్నారు. ఆ అబ్బాయి తండ్రీ అంతే. జూన్‌లో ఒక రాత్రి రైలు దిగి సైకిల్ మీద ఇంటికొస్తుంటే వెనకనుంచి కారు గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కారు ఎవరిదో తెలియలేదు. నంబరు లేకపోతే కేసు లేదనుకుని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారు.

ఇలా ఊరుకునేవాళ్లే ఎక్కువ. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387 జరిగాయి. 2022-23 ఆర్థిక సంవత్సరంలో పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు 205 మాత్రమే. కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ వేసిన కేసులో 2024 జనవరి 12న సుప్రీంకోర్టు ఈ లెక్కలు చెప్పింది. నెలలోగా వాహనం వివరాలు దొరక్కపోతే, ఈ పథకం సంగతి బాధితులకో వారి వారసులకో పోలీసులే రాతపూర్వకంగా తెలియజేయాలని ఆదేశించింది. ఆ కాగితం మీకు రాకపోతే స్టేషనుకు వెళ్లి అడగండి. అడగడం తప్పు కాదు.

మోటారు వాహనాల చట్టం 161వ సెక్షను ఇలాంటి కుటుంబాల కోసమే ఉంది. 1994 సవరణ ప్రకారం మరణానికి 25,000, తీవ్ర గాయానికి 12,500 రూపాయలు ఇచ్చేవారు. 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త పథకం వచ్చింది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. ఎముక విరిగినా చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. కొందరు తల్లిదండ్రులకు ఇది తెలియక, చెయ్యి విరిగిన పిల్లవాడికి అడగనే అడగరు.

దీనికి కోర్టుకు పోనక్కరలేదు, వకీలూ అక్కరలేదు. ఫారం నింపి తాలూకాలో తహశీల్దారుకో, సబ్ డివిజన్ అధికారికో ఇవ్వాలి. ఆయన విచారించి నెలలో డీసీకి నివేదిక పంపాలి. డీసీ 15 రోజుల్లో మంజూరు చేయాలి. ఆ తర్వాత మరో 15 రోజుల్లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ డబ్బును నేరుగా బ్యాంకు ఖాతాలో వేయాలి. ఇది కాగితం మీది లెక్క. మధ్యలో తిరగాల్సే వస్తుంది.

జతచేయవలసినవి: ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక లేదా గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు, గుర్తింపు, చిరునామా పత్రాలు, పాస్‌బుక్ నకలు. వాటితోపాటు ఒక హామీ పత్రం. రేపు ఆ బండి దొరికి వేరే పరిహారం వస్తే ఈ సొమ్ము తిరిగి కడతామని అందులో రాసివ్వాలి. బండి దొరికితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేయవచ్చు. అక్కడ చనిపోయిన మనిషి వయసు, సంపాదన బట్టి లెక్కకడతారు గనుక చాలాసార్లు ఎక్కువే వస్తుంది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని చట్టంలో చేర్చారు. కాబట్టి ఏ దారిలో వెళ్లినా ఆ ఆరు నెలల్లోనే కదలడం మంచిది.

ఇక ఇక్కడే పిల్లల పని. మన జిల్లాలో ఎఫ్ఐఆర్ కన్నడంలో ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లి దాన్ని చదవలేదు, బడిలో కన్నడం నేర్చిన కొడుకో కూతురో చదవగలరు. ఫిర్యాదు చెప్పినవారికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దాన్ని ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించండి. వాహనం "అపరిచిత" అని ఉందా? తేదీ, వేళ, చోటు సరిగా ఉన్నాయా? పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా?

మేం ఫైలు తయారు చేస్తున్నప్పుడు ఆ అబ్బాయే తప్పు పట్టాడు. తండ్రి పేరు ఎఫ్ఐఆర్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. మనవాళ్ల పేర్లు తెలుగు నోట పుట్టి, కన్నడంలో రాయబడి, ఇంగ్లీషులో ముద్ర పడతాయి గదా! రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ చేయించి పెట్టేసరికి మూడు వారాలు గడిచాయి. ఇలాంటి చోట చిక్కుపడితే కోలారు జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థను అడగవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత సాయం దొరుకుతుంది.

డబ్బు తల్లి ఖాతాలో పడిన రోజు ఆమె ఫోన్ చేసి, "సార్, ఇంక స్కాలర్‌షిప్ ఇయ్యరా?" అని అడిగింది. ఈ పరిహారాన్ని మేం కుటుంబ ఆదాయంగా లెక్కపెట్టమని చెప్పాను. అబ్బాయి ఈ ఏడు కూడా ఫారం పెట్టాడు.